స్వాధ్యాయము – గ్రామారణ్యములు

ఆత్మవిద్య యరణ్యమునకుఁ జెందినదనియు, లౌకికవిద్య గ్రామమునకుఁ జెందినదనియు, నొకదానిని గోరువారు రెండవదానిని విడువవలయు ననియు లోకమున నొక తలంపు కలదు. ఉపనిషత్తులను గూర్చి పాఠశాలలకై వ్రాయఁబడిన పుస్తకములలో సయితము ఋషులు జనపదములను రోసి యడవులకుఁ బోయి తత్త్వమును గనుఁగొనిరను వాక్యము తఱచుగాఁ గానవచ్చును. ఈ మాటలో సత్యాంశము లేకపోలేదు. కాని ప్రాచీనగ్రంథములను వరుసగాఁ బరిశీలించినచోఁ జదువు, ప్రకృతి, సంఘజీవనము అను మూఁటికిని నాఁడు గల సంబంధము వేఱువిధముగాఁ దోఁచుచున్నది. ఆ సంబంధమెట్టిదో నిరూపించుటయు, నది కాలక్రమమున నే రూపముల దాల్చి తెలుఁగునాఁటికి వచ్చెనో సూచించుటయు నీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ఆంధ్రదేశమునందలి వైదికులలోఁ బెక్కండ్రు తైత్తిరీయశాఖవారును, ఆపస్తంబసూత్రులును గావున నిందుఁ బ్రధానముగా నా శాఖాగ్రంథములనే యాధారముగాఁ గొంటిని. ఇవి మన యింటి గ్రంథములు. కంఠస్థములై యుండియు నర్థవిచారమునకు రానివి వీనియందుఁ బెక్కు గలవు.

మొదట శబ్దవిచారము. అధ్యయనార్థకమగు ‘ఇఙ్’ ధాతువు ‘అధి’ యను నుపసర్గమును విడిచి యెన్నఁడును బ్రయోగింపఁబడదు. దానికి ఘఞ్ ప్రత్యయము వచ్చి ‘అధ్యాయ’ శబ్ద మేర్పడినది. ‘స్వ’ శబ్దముతోఁ జేరి యది ‘స్వాధ్యాయ’ మైనది. తన శాఖను దాను వల్లించుకొనుట యని దీని కర్థము. నాఁటి చదువు కన్నులతో నక్షరములను జూచుట గాదు. ‘పఠ’ ధాతువునకు స్పష్టమైన వాక్కే యర్థమని ధాతుపాఠకారులు చెప్పిరి. కావున మౌనముగాఁ జదువుట యను మాట యా కాలపువారి చెవికి వింతగా నుండెడిది. మన తెలుఁగుఁ ‘జదువు’ సయితము మొన్నమొన్నటివఱకు గొంతెత్తి చదువుటయే.

ఇఁక ‘ఆరణ్యక’ శబ్దము. పాణిని చతుర్థాధ్యాయమున ‘అరణ్య’ శబ్దమునకు మనుష్యుఁ డర్థమైనపుడు మాత్రమే వుఞ్ ప్రత్యయమును విధించెను. అనఁగా అడవియందుండు మనుష్యుఁడు ‘ఆరణ్యకుఁడు’. అడవి మృగములన్ననో ‘ఆరణ్యములు’. కాత్యాయనుఁ డంతటితోఁ దృప్తినొందక, మార్గము, అధ్యాయము, న్యాయము, విహారము, మనుష్యుఁడు, ఏనుఁగు అను నాఱర్థములందును ‘ఆరణ్యక’ శబ్దమే సాధువని వార్తికము రచించెను. ఈ భేదమును బట్టియే గోల్డ్‌స్టూకరు పండితుఁడు 1861లోఁ బ్రకటించిన తన పాణినీయవిచారమున, ఆరణ్యకములను గ్రంథములు పాణినికిఁ దెలియవని సిద్ధాంతీకరించెను. ఇది తొందరపాటని నా యభిప్రాయము. సూత్రకారుని మౌనము వలన నా పేరు నాఁడు గ్రంథపరముగా రూఢము గాలేదని మాత్రమే సిద్ధించును. ఆ పేరఁ దరువాతఁ బిలువఁబడిన వాక్యసముదాయము లేదని సిద్ధింపదు. పేరు వెనుకను వస్తువు ముందును బుట్టుట శాస్త్రములం దపూర్వము గాదు.

అయినను ఆ వార్తికము మనకుఁ బనికివచ్చునది మఱియొక విధమున. వ్యవహారమున నొక్క ప్రత్యయమును బంచుకొనిన యా యాఱింటిని జూడుఁడు. అడవిదారి, అడవిలోని చదువు, అడవిలోని నడక, అడవిలోని మనుష్యుఁడు. తక్కిన మృగములు వేఱు శబ్దమునకుఁ బోయినవి. చదువు మనుష్యునితోడను, దారితోడను నిలిచినది. భాష తెలిసి చేసిన పని యిది యని వాదింపను. కాని యరణ్యమునందలి యధ్యయనము కదలని గుహావాసము గాక, రాకపోకలతోఁ గూడినదని భావించువారికి శబ్దము విరుద్ధము గాదని చెప్పవచ్చును. ఈ భావమును దైత్తిరీయారణ్యకము స్పష్టముగా స్థాపించుచున్నది.

ఆ యారణ్యకమున రెండవ ప్రపాఠకమునకు స్వాధ్యాయబ్రాహ్మణమని పేరు. బ్రహ్మయజ్ఞము చేయఁగోరువాఁడు గ్రామము వెడలి తూర్పునకుఁ గాని, యుత్తరమునకుఁ గాని, యీశాన్యమునకుఁ గాని పోవలెనని యందు విధింపఁబడినది. ఎంత దూరము పోవలెను? క్రోశమనియు యోజనమనియు నచ్చట లేదు. ఇండ్ల కప్పులు కంటఁబడని చోటివఱకు నని యున్నది. ‘ఛదిస్సు’ అనఁగాఁ గప్పు. అది కనఁబడనిది ‘అచ్ఛదిర్దర్శము’. అధ్యయనస్థలమునకు శ్రుతి చెప్పిన కొలఁత యిదియే. సూర్యుఁ డుదయించిన పిమ్మట నచ్చటఁ గూర్చుండి, చేతులు గడుగుకొని, దర్భలు పఱచుకొని, తూర్పుముఖముగాఁ జదువవలెను. దర్భ యేల? జలములయొక్కయు నోషధులయొక్కయు సారమే దర్భ గనుక, దానిపైఁ గూర్చుండి చదివినవాఁడు వేదమును రసవంత మొనర్చునని శ్రుతియే హేతువు చెప్పినది. గడ్డిపోచలోని నీటిసారము మంత్రమునకు రసమగునని చెప్పిన వాక్యము, ప్రకృతికిని జదువునకును గల యనుబంధమును గూర్చి మన వాఙ్మయమున నున్న మిక్కిలి ప్రాచీనములగు మాటలలో నొకటి.

ఋగ్వేదులకు సూత్రకారుఁడగు నాశ్వలాయనుఁడును గృహ్యసూత్రమున నిట్లే గ్రామమునకుఁ దూర్పుగనో యుత్తరముగనో పొమ్మనెను. చూపు విషయమున నాతఁడు మూఁడు వికల్పములను జెప్పెను. భూమ్యాకాశములు గలిసిన సంధిని జూచుచు నుండవచ్చును; కన్నులు మూసికొని యుండవచ్చును; లేదా యెట్లున్నఁ దన మనస్సు కుదురుననుకొనునో యట్లుండవచ్చును. విధులకుఁ బుట్టినిల్లగు కల్పసూత్రమున నధ్యేత చిత్తమునకుఁ బ్రమాణత్వ మొసఁగిన స్థలము లరుదు. కావున నీ మూఁడవ వికల్పము గమనింపఁదగినది.

ఇచ్చట నొక శంక. ఊరు విడిచి పోలేనివాని గతి యేమి? రోగి, వృద్ధుఁడు, పనివేళలు గలవాఁడు నేమి చేయవలెను? తరువాతి యనువాకము దీనికి సమాధానము. గ్రామమునందే పగలు గాని రాత్రి గాని మనస్సుతోఁ జదువుకొన వచ్చునని శౌచుఁడను నాహ్నేయుఁడు చెప్పెనఁట. అరణ్యమునఁ గంఠమెత్తి చదువవచ్చును. నిలిచియు, నడచుచును, గూర్చుండియు, బరుండియు నైనను స్వాధ్యాయమును మాత్రము మానరాదు. శతపథబ్రాహ్మణమును దీనితో సంవదించుచున్నది. జలములు పాఱుచున్నవి, సూర్యుఁడు నడచుచున్నాఁడు, చంద్రుఁడును నక్షత్రములును నడచుచున్నవి. ఇవి తమ పని మానినచో నెట్లుండునో, బ్రాహ్మణుఁడు స్వాధ్యాయము మానిన దినమట్లుండునని యచ్చటి తాత్పర్యము. చదువు నదీప్రవాహమువంటి ప్రకృతిధర్మమనియే వారి మతము గాని, ప్రకృతినుండి తప్పించుకొను నుపాయమని గాదు.

ఈ మతమునకు మిక్కిలి కఠినమైన పరీక్ష వానకాలమున వచ్చినది. ఉఱుము, మెఱుపు, గాలి, అమావాస్య యివి యనధ్యాయ నిమిత్తములని ధర్మశాస్త్రముల ప్రసిద్ధి. పాఠశాలలలోఁ జదివిన వారెల్లరు నీ సెలవు నెఱుఁగుదురు. కాని స్వాధ్యాయబ్రాహ్మణము దీనికి మాఱుగాఁ బలుకుచున్నది. మేఘమే హవిర్ధానము, మెఱుపే యగ్ని, వర్షమే హవిస్సు, ఉఱుమే వషట్కారము, వాయువే యాత్మ, అమావాస్యయే స్విష్టకృత్తు అని చెప్పి, వాన కురియుచుండఁగాఁ జదువువాఁడు తపస్సు చేయుచున్నాఁడని ప్రశంసించుచున్నది. ఈ యజ్ఞమునకు ననధ్యాయములు రెండే: తాను అశుచియై యుండుట, స్థలము అశుచియై యుండుట. ఆకాశము సెలవీయదు, తన లోపమే సెలవునకుఁ గారణమని ఫలితార్థము.

ఈ విరోధమును ఆపస్తంబుఁడు ధర్మసూత్రమునఁ బరిహరించిన తీరు పండితులు మెచ్చదగినది. గాలి వీచినను నుఱుము వినఁబడినను నొక ఋక్కు గాని, యొక యజుస్సు గాని, యొక సామము గాని యుచ్చరించినఁ జాలునను శాఖాంతరవాక్యమును జూపి, యిట్లు చేసిన శిష్టాచారమునకు విరోధము రాదని యాతఁడు చెప్పెను. మఱియు ననధ్యాయవిధి విద్యాగ్రహణమునకే కాని కర్మలయందలి మంత్రప్రయోగమునకుఁ గాదని న్యాయము నిలిపెను. గురుశిష్యులు కూడి క్రొత్తపాఠము చెప్పుకొనుట యొకటి, నిత్యముగాఁ దనలోఁ దాను వల్లించుకొనుట వేఱొకటి. సంఘమునకు విశ్రాంతి కావలెను. ఆత్మకు విచ్ఛేదము కూడదు. రెండును నొక్క సూత్రమున నిలిచినవి. ఆ సూత్రకారుఁడే శ్రావణపూర్ణిమయం దుపాకర్మ చేసి యధ్యయనము నారంభింపవలెననియుఁ, దైషపూర్ణిమయందుఁ గాని రోహిణియందుఁ గాని విరమింపవలెననియు విధించెను. వానలతో మొదలై చలికాలమున నుపసంహారమగు నీ విద్యావత్సరము ఋతుచక్రముతో ముడివడినది. శ్రావణమున యజ్ఞోపవీతమును మార్చుకొనుటయే నేఁడు చాలచోట్ల మిగిలినది. అది యొకప్పుడు బడి తెఱచిన దినము.

ఇంతవఱకుఁ జదువునకును బ్రకృతికిని గల సంబంధము. సంఘమెచ్చట నున్నది? ఆ ప్రపాఠకముననే దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము, బ్రహ్మయజ్ఞము అను నైదింటిని నిత్యకర్తవ్యములుగాఁ బేర్కొనిరి. చదువు ఐదింటిలో నొకటి. భూతములకు బలియు, నతిథికి నన్నమును దాని తోఁబుట్టువులు. కప్పులు కనఁబడని చోటికిఁ బోయినవాఁడు మరల నా కప్పుల క్రిందికి వచ్చి యతిథికి వడ్డింపవలెను. రాకపోకలు గల దారియని యిందాఁకఁ జెప్పినదాని కిదియే నిదర్శనము.

ఈ భావమునకుఁ బరిణతి శీక్షావల్లి తొమ్మిదవ యనువాకము. ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము, అగ్నులు, అగ్నిహోత్రము, అతిథులు, మానుషము, సంతానము, ఇట్లు ధర్మముల నొక్కొక్కదానినే యెత్తి, ప్రతిదానితోడను స్వాధ్యాయప్రవచనములను జేర్చి చెప్పుట యందలి క్రమము. ఇది కేవలము పునరుక్తి యని తోఁచవచ్చును. కాని ప్రతిధర్మముతోడను జదువు జతపడవలెననియు, నే ధర్మమును జదువునకు సెలవు గాదనియు, జదువును నే ధర్మమునకు సెలవు గాదనియు నా పునరుక్తియే బోధించుచున్నది. ‘మానుషము’ అనఁగా వివాహాదులగు లౌకికసంవ్యవహారమని భాష్యకారులు. చివర మూఁడు మతములు. సత్యమే ముఖ్యమని రాథీతరుఁడు. తపస్సే ముఖ్యమని పౌరుశిష్టి. స్వాధ్యాయప్రవచనములే యని నాకుఁడను మౌద్గల్యుఁడు. ఆ రెండే తపస్సని నాకుని హేతువు. ‘ప్రవచనము’ అనఁగా నితరులకుఁ జెప్పుట. తానొక్కఁడు చదివి యూరకుండుట నాకుని మతమున సగము తపస్సే.

మహాభాష్యకారుఁ డీ సగమును మఱింత విడఁదీసి చూపెను. గురువువలనఁ బొందునప్పుడు, తాను వల్లించునప్పుడు, ఇతరులకుఁ జెప్పునప్పుడు, వ్యవహరించునప్పుడు అని నాలుగు విధములుగా విద్య యుపయోగపడునని పస్పశాహ్నికమునఁ బతంజలి వాక్యతాత్పర్యము. ఈ నాలుగింటిలో వల్లించుట యొక్కటియే యేకాంతము. మొదటిదానికి గురువు కావలెను, మూఁడవదానికి శిష్యుఁడు కావలెను, నాలుగవదానికి లోకమే కావలెను. అరణ్యము చదువులో నొక పాదము; గ్రామము మూఁడు పాదములు.

ఇచ్చట దాఁచరాని మాట యొకటి కలదు. ఈ స్వాధ్యాయధర్మ మెంత యుదాత్తమైనను దాని ద్వారము సర్వజనులకును దెఱవఁబడి యుండలేదు. తరువాతి ధర్మశాస్త్రములు స్త్రీలకును శూద్రులకును వేదాధ్యయనమును నిషేధించినవి. గ్రామమునందలి కప్పులలో నెక్కువవాని క్రింద నుండువారి కీ చదువు చేరలేదు. చరిత్ర వ్రాయువాఁ డీ లోపమును గప్పిపుచ్చరాదు. భాగవతము ప్రథమస్కంధముననే దీని నొప్పుకొని, వేదము వినుట కధికారము లేనివారికై వ్యాసుఁడు దయతో భారతమును రచించెనని చెప్పినది. కావున స్వాధ్యాయచరిత్రలో రెండవ ఘట్ట మితిహాసపురాణశ్రవణము. మొదటిదానిలో వక్తయే శ్రోత. రెండవదానిలో నొకఁడు వక్త, ఊరంతయు శ్రోత.

దీనికిఁ బ్రమాణములు 7వ శతాబ్దినాఁటికే దృఢముగా దొరకుచున్నవి. కాంచీపురసమీపమునందలి కూరము తామ్రశాసనమునఁ బల్లవరాజగు పరమేశ్వరవర్మ మండపమున భారతమును జదువుటకై యొక భాగము నేర్పఱచెను. అదే శతాబ్దియందు బాణభట్టు కాదంబరిలో విలాసవతి యుజ్జయినీమహాకాళాలయమున భారతపఠనము విని, తన సంతానహీనతను దలంచి దుఃఖించినట్లు వర్ణించెను. స్త్రీ యొకతె గుడిలోఁ గథ విని దానిని దన బ్రదుకునకు నన్వయించుకొనుట యిందలి విశేషము. హర్షచరిత్రము తృతీయోచ్ఛ్వాసము మఱింత విలువగలది. వానలు వెలిసి శరత్తు వచ్చినది. బాణుఁడు రాజసభనుండి శోణాతీరమునందలి తన యూరికి మరలి బంధువుల నడుమఁ గూర్చున్నాఁడు. సుదృష్టియను పుస్తకవాచకుఁడు వచ్చి, పుస్తకపు కట్టు విప్పి, రెల్లుపుల్లల పీఠముపై నుంచి, వెనుక నిరువురు వేణువు నూఁదుచుండఁగా వాయుపురాణమును జదివెను. అది ముగిసినపిదప నే తమ్ముఁడు హర్షుని కథ చెప్పుమని బాణుని వేఁడెను. పురాణపఠనమునుండి క్రొత్తకావ్యము పుట్టుట కిది సాక్ష్యము. పుస్తకము, నిర్మలమైన ఋతువు, బంధుగోష్ఠి మూఁడు నొక్కచోఁ గూడిన యీ ఘట్టమును మన పాఠశాలలలో సమాసములకై మాత్రమే పఠించుట విచారకరము.

తెలుఁగున నీ ధార 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టుతోఁ బ్రవేశించినది. ఆతని రచన యారణ్యపర్వమధ్యమున నిలిచిపోయినదని యందఱు నెఱుఁగుదురు. ఆ పర్వమే మన విషయమునకు దృష్టాంతము. రాజ్యభ్రష్టులైన పాండవులు కామ్యకద్వైతవనములలో నేకాంతముగా లేరు. వెంట వచ్చిన బ్రాహ్మణులకు సూర్యదత్తమైన పాత్రనుండి యన్నము పెట్టిరి. బృహదశ్వునివలన నలకథను, మార్కండేయునివలన రామకథను సావిత్రికథను వినిరి. దుఃఖితుఁడు తనవంటి మఱియొక దుఃఖితుని కథ నడవిలోఁ బదుగురితోఁ గూడి వినుటయే యచ్చటి చికిత్స. శ్రవణము, వనము, అన్నము పంచుకొను సంఘము వేఱుగాక యున్నవి. ఈ పర్వశేషమును 14వ శతాబ్దిలో నెఱ్ఱన పూరించెను.

13వ శతాబ్దిలోఁ దిక్కన విరాటపర్వముతో నారంభించెను. వానలు కురియనప్పుడు విరాటపర్వమును జదివించుట తెలుఁగుపల్లెలలోఁ బ్రసిద్ధమైన యాచారము. ధర్మరాజు నివసించు దేశమున మేఘములు సకాలమున వర్షించుననియు, సస్యములు ఫలించుననియు భీష్ముఁ డా పర్వమునఁ జెప్పిన మాటయే దీనికి మూలమని తోఁచుచున్నది. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. పఠనమువలన వాన వచ్చునని నేనును వాదింపను. కాని భీష్మవాక్యమునఁ గారణమేది? ధర్మాత్ముని నివాసము. కావున పొలము బీటలు వాఱినప్పుడు రైతులు చేరి విన్న వాక్యము, వానను గూర్చినంతగానే తమ నడవడినిఁ గూర్చినది. స్వాధ్యాయబ్రాహ్మణమున వర్షము హవిస్సైనట్లే, యిచ్చట వర్షము ధర్మమునకు సాక్షియైనది. వేదమునకుఁ దూరముగా నుంచఁబడిన జనులు వేదార్థమునకే తమ దారిని జేరిరి.

మూఁడవ ఘట్టము గ్రంథాలయోద్యమము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపింపఁబడినది. 1914లో బెజవాడలో గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై యాంధ్రదేశమున కొక సంఘము నేర్పఱచిరి. అయ్యంకి వేంకటరమణయ్యగా రందుకుఁ బ్రధానకారకులు. 1935లోఁ బాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపైఁ బుస్తకములతో పడవను నడపించిరి. ఈ యుద్యమము పాశ్చాత్యానుకరణమని కొందఱందురు. రూపము కొంత యట్టిదే. కాని నీటిదారిని గట్టుకు వచ్చిన పుస్తకమునకై పల్లెవారు చేరుటకును, మండపమునఁ బురాణమునకై చేరుటకును నడుమ నున్నది తెంపు గాదు, కొనసాగింపు. అధికారభేదము లేక యెల్లవారికిని బుస్తక మందుట మాత్ర మీ ఘట్టమున వచ్చిన గొప్ప మార్పు. మొదటి ఘట్టమునందలి లోపమునకుఁ బ్రాయశ్చిత్తమును నిదియే.

నేఁడు చదువునకు సాధనములు మునుపెన్నఁడు లేనంత సులభములు. అఱచేతి తెరపై నష్టాదశపురాణములును దొరకును. పతంజలి చెప్పిన నాలుగు కాలములలో రెండవదానికిఁ గొఱఁత లేదు. మొదటిదియు మూఁడవదియు సన్నగిల్లినవి. అవి సన్నగిల్లినచో నాలుగవదానికి మూలముండదు. చదివినవాఁ డెవ్వరికిఁ జెప్పును? ఎవ్వరితో వ్యవహరించును? కప్పుల క్రిందనే యుండి కప్పుల క్రిందివారిని జూడనివాఁడు గ్రామమునను లేఁడు, అరణ్యమునను లేఁడు.

ఇందుకై పాఠశాలాపండితులకు రెండు మనవులు. శ్రావణమాసమున నొక యుదయమైన విద్యార్థులను గప్పులు కానరాని చోటికిఁ గొనిపోయి, గొంతెత్తి పద్యములు చదివింపుఁడు. మరల వచ్చి వారిచేతనే యింటి పెద్దలకుఁ జెప్పింపుఁడు. రెండవది పరిశోధకులకు మఱింత యవసరము. మీ యూర నే మాసమున నే పురాణమును జదివెడివారో, యెవరు చదివిరో, యెవరెవరు వినిరో, వాచకునకుఁ బంట యింటికి వచ్చినపు డేమి యిచ్చెడివారో, యా పఠనము నెన్నఁడు విడిచిరో వృద్ధులనడిగి వ్రాసి యుంచుఁడు. శాసనములు రాజులు పెట్టిన పఠనములనే చెప్పును. రైతులు పెట్టుకొన్న పఠనములకు వృద్ధుల జ్ఞాపకమే శాసనము. అది రాగిఱేకు గాదు. దానిని నకలు తీసికొనుటకు మనకు మిగిలిన కాలము స్వల్పము.